తొమ్మిదో మంచె ఒరవడి

రోజు 12

ఇవాళ్టి నుంచి నేనూ రాయాలట. ఏం తిన్నాను, ఎంతసేపు పడుకున్నాను, మనసెలా ఉంది. చక్రపాణి గారు పుస్తకం, పెన్ను చేతికిచ్చి, పేజీలకు నంబర్లున్నాయి, చింపకూడదు అన్నారు. పరిశోధన కేంద్రం తరఫున మా మంచె మీద ఉండే అధికారి ఆయన. నంబరు లేని కాగితం చూస్తే ఆయనకు భయం.

నా పేరు భ్రమరాంబ. యాభై నాలుగేళ్ళు. సముద్రంలో స్తంభాల మీద నిలబెట్టిన ఊరు మా తొమ్మిదో మంచె. దాని మీద సూర్యఫలకాలు తుడవడం నా పని. సముద్రపు గాలికి వాటి మీద ఒక్క పూటలో ఉప్పు పేరుతుంది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. నేను మానేస్తే మధ్యాహ్నానికి ఉప్పుతీత యంత్రం ఆగుతుంది, మూడు వందల మందికి మంచినీళ్ళుండవు. పనికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

మా వాళ్ళలో నలభై ఒక్క మందికి ఎడమ భుజం కింద గింజ పెట్టారు. బియ్యపు గింజంతే ఉంటుంది. ఒంట్లో గ్రంథులు చేయాల్సిన పని అది చేస్తుంది. ఇన్సులిన్, కార్టిసాల్ ఏ గంటకు ఎంత వదలాలో మొదట ఒక ఆరోగ్యవంతుడి రోజును చూసి దిద్దుకుంటుంది. తర్వాత మెల్లగా ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకు సర్దుకుంటుంది. మా మంచె మీద పన్నెండు మందికి ముంజేతికి పట్టీ కట్టి నెల రోజులు కొలిచారు. అందరి గీతలూ ఎగుడుదిగుళ్ళు. నాదొక్కటే రోజూ ఒకేలా వచ్చిందట. అందుకని నన్ను తీసుకున్నారు. కాగితాల్లో నా పేరు ప్రామాణిక వ్యక్తి. పలక మీద పైన అక్షరం రాసిచ్చి కింద పిల్లల్ని దిద్దమంటాం కదా, అలా జనం నన్ను ఒరవడి అంటున్నారు.

గింజ పెట్టించుకున్న వాళ్ళలో మా పారి ఒకతె. పారిజాతం. ఆఖరి చెల్లెలు, నలభై రెండు. దాని ఒంట్లో చక్కెర నిలకడగా ఉండదు, కార్టిసాల్ అసలు తయారు కాదు. గింజకు ముందు రోజుకు ఆరు సూదులు. పోయిన వర్షాల్లో మందుల పడవ తొమ్మిది రోజులు ఆలస్యమైతే దాన్ని దుప్పట్లో చుట్టి ఆస్పత్రి మంచెకు తీసుకెళ్ళాం. రెండు నెలలు అక్కడే ఉంది. దాని పక్క మంచాల్లో వాళ్ళిద్దరు తిరిగి రాలేదు.

ఇప్పుడు సూదులు లేవు. పన్నెండు రోజులుగా దాని చేతుల మీద కొత్త మచ్చ లేదు. అందుకే ఈ పుస్తకం రాయమన్నా సరే అన్నాను.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. గింజ పెట్టించుకున్న నలభై ఒక్క మందికీ తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చేస్తోంది. వలలల్లే వెంకటరత్నం పొద్దున్నే ఫలకాల దగ్గరికి వచ్చాడు.

"ఏంటక్కా ఇది? టైము చూడకుండానే కళ్ళు టప్పున తెరుచుకుంటన్నాయి. మళ్ళీ పడుకుందామంటే గుండెలో డప్పు. నీ గీతలో ఏం కలిపావు?"

"నేనేం కలుపుతాను రత్నం."

"మా ఇంటిది కూడా లేస్తంది. లేచి ఊరుకుంటదా? నిన్నటి పోట్లాట మళ్ళీ మొదలెడతంది."

తిన్నది: పొద్దున గంజి, మధ్యాహ్నం అన్నం, తోటకూర పప్పు, రాత్రి అన్నం, ఎండుచేపల పులుసు పారికి, నాకు చారు. నిద్ర: ఏడు గంటలు. మనసు: పదికి ఎనిమిది. పదంటే ప్రశాంతమట.

రోజు 15

నా కోపం గాలిలో వచ్చి వాళ్ళ గింజల్లో దూరుతుందని మంచె మీద పుకారు లేచింది. ఎవరు మొదలెట్టారో తెలియదు. నిన్న ఉప్పుతీత యంత్రం దగ్గర కడవల వరసలో ఎవరో ముందుకు తోసుకొస్తే, క్యూలో నిలబడండమ్మా అన్నాను. అంతే అన్నాను. సాయంత్రానికి నలుగురు మా గుమ్మం ముందుకొచ్చారు.

"అక్కా, పొద్దున నీకు కోపం వచ్చిందంటగా. నాకు మధ్యాహ్నం నించీ ఒకటే దాహం."

"నాకు కోపం రాలేదు."

"వచ్చింది. ఇప్పుడు కూడా వస్తంది. చూడు, నా చేతులు వణుకుతున్నయ్."

గీత ఎప్పుడో కొలిచి పెట్టేసింది, ఇప్పటి నా సంగతికీ దానికీ సంబంధం లేదని చక్రపాణి గారు నోటీసు బోర్డు మీద రెండు పేజీలు రాసి అంటించారు. ఎవరూ చదవలేదు. చదివిన వాళ్ళు నమ్మలేదు. నాకు బెల్లం ముక్కలు తెచ్చిస్తున్నారు, సంతోషంగా ఉండమని. ఒకామె అయితే నా జపం చప్పుడు తగ్గించమంది. నేను పెదవులు కూడా కదపను.

మనసు: ఆరు. ఈ ఆరు చూస్తే రేపు ఇంకో నలుగురొస్తారేమో.

రోజు 19

ఇప్పుడు సాయంత్రాలు. దీపాలు పెట్టే వేళకు, ఏడు కాకముందే, గింజ వాళ్ళందరికీ చెమటలు, వణుకు, ఆకలి. వెంకటరత్నం చేతిలో వలకండె నిలవడం లేదు. పగలంతా మాత్రం నోరెండిపోతోందట. ఒకరికి రోజుకు రెండు కడవలే వాటా. మూడో కడవ కోసం పోట్లాటలు. నేను ఫలకాలు రెండుసార్లకు బదులు మూడుసార్లు తుడుస్తున్నాను, నీళ్ళు కాస్త ఎక్కువొస్తాయని.

చక్రపాణి గారిని అడిగాను.

"గింజ నేర్చుకుంటోందండీ. నలభై ఐదు రోజుల తర్వాత కదా అసలు లెక్క. అప్పటిదాకా మనం వేచి చూడాలి, జోక్యం చేసుకోకూడదు."

"అందరికీ ఒకే గంటకు వణుకొస్తోంది. ఒక్కొక్కరు ఒక్కోలా నేర్చుకోవాలి కదండీ."

"దానికీ ఒక గడి ఉంది. సామూహిక అసౌకర్యం. అందులో టిక్కు పెట్టేశాను."

అసౌకర్యం అట.

తిన్నది మామూలే. మనసు: ఐదు.

రోజు 23

పారి పడిపోయింది.

సాయంత్రం ఆరు నలభై. కింద పడవల మెట్ల మీద తోటకూర కడుగుతోంది. నేను పై మెట్టు మీదున్నాను. చేతిలో కట్ట జారి నీళ్ళలో పడింది, అది వంగి చూసింది, అలాగే ముందుకు ఒరిగిపోయింది. జడ పట్టుకుని ఆపాను. చేయి అందలేదు, జడే అందింది. చక్కెర నలభై నాలుగు. పళ్ళ మధ్య నుంచి బెల్లం నీళ్ళు పోశాను. పావు గంటకు కళ్ళు తెరిచి, "జడ పీకేశావక్కా" అంది.

దాన్ని పడుకోబెట్టి తిన్నగా చక్రపాణి గారి గదికి వెళ్ళాను. నేను ఎప్పుడూ అలా వెళ్ళలేదు. ఆయన లేచి నిలబడ్డారు.

"యంత్రంలో తప్పేం లేదండీ. గింజ సరిగ్గా ఒరవడి చెప్పినంతే వదిలింది. కావాలంటే చూడండి" అని యంత్రం తెర తిప్పి నా గీత చూపించారు.

ఇంతకాలం నా గీత నేను చూడలేదు. ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

నాలుగున్నరకు ఒక్కసారి కొండలా లేచింది. తర్వాత పగలంతా కింద, సన్నగా, చదునుగా. సాయంత్రం ఆరున్నర నుంచి రెండో కొండ. ముప్ఫై రోజులూ అదే. ఒక దాని మీద ఒకటి పరిస్తే ఒకే గీత.

అది కార్తీకం.

నేను తెల్లవారుజామున నలభై మెట్లు దిగి సముద్రంలో మునిగినప్పటి కొండ అది. పగలంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని చదును. నక్షత్రం చూశాక ఒక్కపూట తిన్న అన్నం ఆ రెండో కొండ. పట్టీ కట్టింది ఆ నెలలోనే. ఇక్కడ అందరూ ఆటుపోట్ల పట్టికతో నెలలు లెక్కపెడతారు. తిథులు చూసుకునేది నేనొక్కదాన్నే. పారి ఆ నెలంతా ఆస్పత్రి మంచె మీదుంది.

నలభై ఒక్క మంది చేత తెలియకుండా నేను కార్తీక నక్తం చేయిస్తున్నాను. వాళ్ళేమో పొద్దున గంజి తాగుతున్నారు, మధ్యాహ్నం అన్నం తింటున్నారు. అప్పుడు గింజ ఇన్సులిన్ వదలడం లేదు, అందుకే ఆ దాహం. సాయంత్రం ఎవరూ ఇంకా కంచం ముందు కూర్చోకముందే, ఒక రోజంతటి తిండికి సరిపడా వదులుతోంది.

చక్రపాణి గారికి ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చాను.

మనసు: అడగొద్దు.

రోజు 24

ఎందుకు చెప్పలేదు అని నన్ను నేను అడుగుతున్నాను. నోము పట్టానని చాటుకోకూడదని అమ్మ నేర్పింది. చాటుకుంటే అది మన గొప్పయిపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా నా కార్తీకం సంగతి ఎవరికీ చెప్పలేదు. పట్టీ కట్టిన నెలలో చక్రపాణి గారు వారానికోసారి వచ్చి ఫారం పట్టుకుని, "పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, అంతా మామూలే కదండీ?" అనేవారు. నేను, "నాకంతా మామూలేనండీ" అనేదాన్ని. ఆయన మూడు గళ్ళలో టిక్కు పెట్టేవారు. ఆయన కంచం చూడలేదు. నేను విప్పి చెప్పలేదు. భక్తికి పోయి బండ పని చేశాను.

పారికి చెప్పాను. ముందు పగలబడి నవ్వింది.

"అంటే నేను నెల నించీ పుణ్యం సంపాదిస్తున్నానన్నమాట! వెంకటరత్నం కూడానా? ఆయన జన్మలో ఒక ఏకాదశి ఎరగడు."

తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నువ్వు చక్రపాణికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

ఫారం వెనక నియమాలున్నాయి, పారి చదివింది, నేను చదవలేదు. ఒరవడి గీత తప్పని తేలితే ప్రయోగం ఆపేయాలి. గింజలు తీసేయాలి. ఇంకో మంచెకు ఇచ్చేస్తారు.

"సాయంత్రం ఆరింటికే నేను తినేస్తాను. పొద్దున కొంచెమే తింటాను. సర్దుకుంటా. అక్కా, మళ్ళీ ఆ సూదులు, ఆ పడవ కోసం చూట్టం నావల్ల కాదు."

రోజు 27

మూడు రోజులు ఆగాను. సాయంత్రం డెబ్భై ఏళ్ళ సుబ్బాయమ్మ పిన్ని వణికి కిందపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ చేతికి కట్టు కడుతున్నప్పుడు చక్రపాణి గారికి చెప్పేశాను. నక్తం, సముద్ర స్నానం, అన్నీ.

ఆయన పాత ఫారాలు తీసి మళ్ళీ చూసుకున్నారు. తర్వాత ముఖం విప్పారింది. అదే నన్ను భయపెట్టింది.

"అంటే గీత తప్పు కాదండీ! గీత ఒప్పే. వీళ్ళ తిండి తప్పు."

"ఏమిటండీ?"

"నియమావళి మార్చాలంటే కేంద్రం, సలహా సంఘం, నైతిక సంఘం, మూడూ కూర్చోవాలి. తిండి వేళలు మార్చడానికి నోటీసు చాలు."

సాయంత్రానికి నోటీసు పడింది. గింజ ఉన్న వారందరూ రేపటి నుంచి రోజుకు ఒక్కసారే, ఆరున్నరకు, భోజనం చేయవలెను. పగలు ఆహారం నిషిద్ధం. వెంకటరత్నం బోర్డు ముందు నిలబడి ఒక్కో అక్షరం గట్టిగా చదివాడు.

"పండగ నాడు కూడా మా ఇంట్లో పూట తప్పలేదు. నన్ను ఉపాసం పడుకోమంటారేందండీ? పొద్దున్నే నాలుగున్నరకి సముద్రంలో కూడా మునగాలా?"

"అది ఐచ్ఛికం" అన్నారు చక్రపాణి గారు, సీరియస్‌గా.

నవ్వొచ్చింది. మరుక్షణం ఏడుపూ వచ్చింది. నోము అంటే మనిషి తనంతట తాను పట్టేది. రోగుల చేత బోర్డు మీద రాసి పట్టించేది కాదు. ఈ మాట ఆయనకు రెండుసార్లు చెప్పాను. దీనికి గడి లేదన్నారు.

మనసు: మూడు. దీన్ని ఎంతమంది చూసినా సరే.

రోజు 31

నాలుగు రోజులు ఉపవాసం నడిచింది. నడవలేదు. పొద్దున పదికి జనం కళ్ళు తిరిగి గోడలకు ఆనుకుంటున్నారు. కొందరు దొంగచాటుగా తింటున్నారు, తిని, నా వైపు తప్పు చేసినట్టు చూస్తున్నారు. నేనేదో పూజారినైనట్టు. వెంకటరత్నం నా ఎదురుగానే రొట్టె కొరికి, "శివుడికి చెప్పుకో పో" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను.

పారి ఒంటికి ఉపవాసం అసలు పడదు. మధ్యాహ్నం ఒంటిగంటకు తెల్లబోయి మంచం మీద కూర్చుండిపోయింది. తినిపించబోతే పళ్ళు బిగించింది.

"తింటే చక్కెర పెరుగుద్ది. పెరిగితే గీత తప్పని తేలుద్ది. తేలితే తీసేస్తారు."

"చచ్చిపోతావే."

"పడితే లేపుతావుగా. మొన్న లేపలా?"

"నలభై మందిని నేను లేపలేను పారీ."

అది నా వైపు చూసిన చూపు మర్చిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో. "నీకేంలే. సత్యం నీది, సూదులు నావి" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం చక్రపాణి గారు వచ్చారు. చేతిలో ఇంకో పుస్తకం. అదే అట్ట, అవే నంబర్లు. గురువారం పడవలో డాక్టర్ జుబేదా వస్తున్నారట. ఈ ప్రయోగానికి రక్షణ పర్యవేక్షకురాలు ఆమె. ఒరవడి దినచర్య నేరుగా ఆమెకే అందాలి, మధ్యలో ఎవరూ దిద్దకూడదని నియమం.

"మీరు ఇందులో శుభ్రంగా మళ్ళీ రాసేయండమ్మా. ఇరవై మూడు, ఇరవై నాలుగు కాస్త... సంక్షిప్తంగా. మనందరికీ మంచిది. మీ చెల్లెలిగారికి కూడా."

చివరి మాట ఆయన ఆలోచించే అన్నారు. చెడ్డవాడు కాడు. భయస్థుడు.

కొత్త పుస్తకం బల్ల మీద పెట్టుకుని దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇంతకాలం ఏమీ అడగలేదు ఆయన్ను. ఈసారి అడిగాను. జవాబు రాలేదు. జవాబు రాకపోవడం నాకు కొత్త కాదు. కానీ ఇవాళ విసుగేసింది, ఆ మాట కూడా ఆయనకే చెప్పాను.

రోజు 33

కొత్త పుస్తకం ఖాళీగానే చక్రపాణి గారి బల్ల మీద పెట్టాను. ఈ పుస్తకం డాక్టరు గారి చేతిలో పెట్టాను.

నా వయసే ఆమెకు. బోటు గాలికి తల మీద చున్నీ తడిసి ఉంది. నిలబడే చదివింది. ఇరవై మూడో రోజు దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి నుదురు రుద్దుకుంది.

"నేను ఈ గీత చూశానమ్మా. రెండు నెలల క్రితమే చూశాను. మా అమ్మీకి చక్కెర జబ్బు, అయినా రంజాన్ ఉపవాసం విడవదు. ఇరవై ఏళ్ళు ఆమె గీత చూసిన దాన్ని. వీళ్ళెవరో రోజా ఉన్నట్టుందే అనుకున్నాను. ఫారం చూశాను. మూడు పూటలూ టిక్కు. సరే అని సంతకం పెట్టేశాను." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "మీరు చాటుకోలేదు, ఆయన అడగలేదు, నేను చూసి కూడా ఊరుకున్నాను" అంది.

"ఇప్పుడేమవుతుంది?"

"నియమం ప్రకారం ఆపాలి."

గుమ్మం అవతల పారి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. దాని ముఖం చూసి డాక్టరు గారు మాట మార్చలేదు, తగ్గించలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, నియమావళి పుస్తకం తెరిచి, వేలు పెట్టి ఒక్కో పంక్తీ చదివింది. గంటన్నర. చక్రపాణి గారు మూడుసార్లు మంచినీళ్ళిచ్చారు.

చివరకు ఒక దారి దొరికింది. గింజల మోతాదు వెంటనే సగానికి తగ్గించాలి. మిగతా సగం సూదులతో. ఆ లోపల పద్నాలుగు రోజులు నన్ను మళ్ళీ కొలవాలి. ఈసారి మామూలు రోజులు. కొత్త గీత సంఘం ఒప్పుకుంటే గింజలుంటాయి. ఒప్పుకోకపోతే అందరివీ తీసి పంపేయాలి. ఆ పన్నెండు మందిలో ఒరవడికి పనికొచ్చే గీత ఇంకెవరిదీ లేదు, కాబట్టి నేనే.

"ఆరింటికి లేవండి. ఎనిమిదికి, ఒంటిగంటకు, మళ్ళీ రాత్రి ఎనిమిదికి తినండి. వేడినీళ్ళ స్నానం. పదికల్లా నిద్ర. ఒక్క రోజు తప్పినా పద్నాలుగూ పోయినట్టే. మధ్యలో ఏమైనా నోములున్నాయా? ఈసారి చెప్పండి."

పదకొండో రోజు శివరాత్రి.

చెప్పాను. ఆమె కాగితం నా వైపు జరిపింది. నేనే సంతకం పెట్టాను.

పారి మాట్లాడలేదు. సాయంత్రం సూదికి చేయి చాపింది, అంతే.

రోజు 37

తినడం ఇంత పని అనుకోలేదు. ఎనిమిదవగానే వెంకటరత్నం గడియారం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడుతున్నాడు.

"అక్కా, ఎనిమిదైంది."

"చూశాను రత్నం."

"ముద్ద నోట్లో పెట్టు. నే చూడాలి."

వాడితో పాటు మరో ఆరుగురు. నేను నమిలేది లెక్కపెడుతున్నారు. సుబ్బాయమ్మ పిన్ని కట్టు కట్టిన చేత్తో ఇంకో గరిటె వడ్డించింది. నిన్న ఒకామె నా ముక్కు చీదడం చూసి వెళ్ళి చక్రపాణి గారికి చెప్పింది. ఆయన పరుగెత్తుకొచ్చి జ్వరం చూశారు. తొంభై ఎనిమిది. రాసుకున్నారు.

మెలకువ నాలుగున్నరకే వస్తోంది. ఆరు దాకా కళ్ళు మూసుకుని పడుకుంటున్నాను. సముద్రం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

పారి ఇంకా మాట్లాడడం లేదు. దానికి పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి సూది నేనే వేస్తున్నాను. కుడి చేతిలో నీలం మచ్చలు మళ్ళీ వచ్చాయి. నా వల్లే. మాటల్లో కాకపోయినా రోజుకు నాలుగుసార్లు అది నాకు గుర్తు చేస్తోంది.

మనసు: నాలుగు. పెంచి రాయమని చక్రపాణి గారు సూచించారు. రాయను.

రోజు 43

శివరాత్రి.

ఆరింటికి లేచాను. వేడినీళ్ళు పోసుకున్నాను. దీపం పెట్టి, బిల్వపత్రం లేదు కనుక తోటకూర ఆకు పెట్టాను, ఎప్పుడూ అంతే. ఎనిమిదికి కంచం ముందు కూర్చున్నాను.

చెయ్యి లేవలేదు.

యాభై నాలుగేళ్ళలో, జ్ఞానం వచ్చాక, శివరాత్రి పొద్దున ఎప్పుడూ ముద్ద ముట్టలేదు. అమ్మ పోయిన ఏడాది కూడా. నీళ్ళు కూడా ముట్టని రోజు. గంజి మీద మీగడ కట్టడం మొదలైంది. కిటికీ దగ్గర వెంకటరత్నం గడియారం చూసి, నన్ను చూసి, తల దించుకున్నాడు. ఎనిమిది దాటి మూడు నిమిషాలు. ఐదైతే ఆ రోజు లెక్కలోకి రాదు.

పారి లోపలి నుంచి వచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పది రోజులుగా ఒక్క మాట లేదు దానికి. నా కంచం తన ముందుకు లాక్కుంది. చెంచాతో మీగడ పక్కకు తోసి, చెంచా నిండా తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"తెరువు."

"నేనే తింటాలేవే."

"తినవు. నాకు తెలుసు. నువ్వు నాకు ఎన్నేళ్ళు పెట్టావు ఇట్టా? పళ్ళు బిగిస్తే ముక్కు మూసి పోసేదానివి. ముక్కు మూయమంటావా?"

నోరు తెరిచాను. మింగాను. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

"నీ శివుడు అడిగితే నా చెల్లెలు పెట్టిందని చెప్పు" అంది. "నా మీద కోపం వస్తే రానీ. నాకు గింజ ఉంటే ఆయన కోపం కూడా తట్టుకుంటా."

మధ్యాహ్నం ఒంటిగంటకు అదే పెట్టింది. రాత్రి ఎనిమిదికీ అదే పెట్టింది. పదికి పడుకున్నాను. మంచె మీద జాగారం చేసే మనిషి ఈ ఏడు లేరు. నిద్ర పట్టింది కూడా. అదే నాకు ఆశ్చర్యం.

మనసు: ఏమో. ఖాళీగా వదిలేస్తున్నాను.

రోజు 52

సంఘం కొత్త గీత ఒప్పుకుంది. మొన్న గింజలన్నిటికీ ఎక్కించారు. సూదులు ఆపేశారు. నిన్న దీపాల వేళ పారి చక్కెర నూట ఎనిమిది. ఇవాళ నూట మూడు. వలకండె జారకుండా వెంకటరత్నం ఒక గజం అల్లి, తీసుకొచ్చి నా ముందు పరిచి మరీ చూపించాడు. అసలు చెప్పాల్సింది ఇంతే.

మధ్యాహ్నం చక్రపాణి గారు ఒక కాగితం తెచ్చారు. ఒరవడిని ఏటా ఒకసారి తిరిగి కొలవాలట. మొదటిసారి కొలిచిన నెలలోనే, ముప్ఫై రోజులు, మామూలు తిండితో. నియమావళిలో తేదీ అచ్చయి ఉంది.

"అది కార్తీకమండీ."

"తెలుసు" అన్నారు. ఈసారి ఆయనకు నిజంగానే తెలుసు. పాత పంచాంగం ఎక్కడో సంపాదించి చూసుకున్నారట. "నెల మార్చమని రాశాను. రెండుసార్లు రాశాను. ఒప్పుకోలేదు. ఋతువు మారితే పోల్చడానికి కుదరదన్నారు. మీరు కాదంటే..." ఆపేశారు.

నేను కాదంటే ఏమవుతుందో ఆయన చెప్పనక్కర్లేదు. పెరట్లో, అంటే మా గది వెనక రేకుల మీద, పారి చేతుల్లేని రవిక వేసుకుని కూర్చుని ఎండు మిరపకాయలు తొడిమలు తీస్తోంది. చాలా ఏళ్ళ తర్వాత చేతులు దాచుకోకుండా కూర్చుంది.

నాకు విసుగొచ్చింది. గళ్ళ మీద, నియమావళి మీద, ఏడాదికి పన్నెండు నెలలుంటే ఆ ఒక్కటే పట్టుకున్న వాళ్ళందరి మీద. ఆ విసుగు చక్రపాణి గారికి వివరంగా చెప్పాను. ఆయన నిలబడి విన్నారు. మంచె మీద ఎవరికీ చేతులు వణకలేదు.

తర్వాత సంతకం పెట్టాను. ఎన్నేళ్ళకు అని రాసిన గడిలో, ఆయన ఖాళీగా వదిలేసిన చోట, పారిజాతం ఉన్నంతకాలం అని రాశాను. అంకె వేయాలండీ అన్నారు. వేయనన్నాను. కాగితం అలాగే తీసుకెళ్ళారు.